క్లోమము లేని జీవితము: ఇన్సులిన్ ఒక్కటీ చాలని కథ

క్లోమగ్రంథిని శరీరము నుంచి పూర్తిగా తీసివేస్తే మనిషి జీవించగలడా? జీవించగలడు. నేడు ఈ మాట ధైర్యముగా చెప్పవచ్చు గాని 1920లో ఏ వైద్యుడూ చెప్పగలిగి ఉండేవాడు కాదు. 1922లో ఇన్సులిన్ వచ్చిన తరువాత చాలామంది చెప్పారు, కాని వారు చెప్పినది సగము నిజము. ఆ మిగిలిన సగమును వైద్యలోకము ఎలా కనుగొన్నదో, కనుగొన్న తరువాత కూడా ఎలా మరచిపోతూ వచ్చిందో ఈ వ్యాసములో చెప్పదలచుకున్నాను. మీ ఇంటిలో గాని, బంధువులలో గాని ఈ శస్త్రచికిత్స జరిగినవారు ఉంటే ఇది వారి కంచమునకు సంబంధించిన చరిత్ర.

క్లోమము కడుపులో జీర్ణాశయమునకు వెనుక అడ్డముగా ఉండే గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 80 నుంచి 100 గ్రాములు. ఇంత చిన్న అవయవము రెండు వేరు వేరు పనులు చేస్తుంది. ఒకటి, రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసమును తయారు చేసి ఒక నాళము ద్వారా చిన్నప్రేగులోనికి పంపుట. ఆ రసములో క్రొవ్వులను, మాంసకృత్తులను, పిండిపదార్థములను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. రెండవది, ఇన్సులిన్, గ్లూకగాన్ వంటి హార్మోనులను నేరుగా రక్తములోనికి విడుదల చేయుట. ఈ రెండవ పని చేసే కణసమూహములు గ్రంథి బరువులో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే. కాని పేరుప్రఖ్యాతులు అన్నీ వాటికే దక్కాయి. మిగిలిన తొంభై ఎనిమిది వంతుల గురించి పాఠకులకు ఎవరూ పెద్దగా చెప్పలేదు.

పేరు గురించి ఒక మాట. మనము 'పాంక్రియాస్'కు వాడుతున్న 'క్లోమము' అనే పదము ప్రాచీనమైనది. చరకసంహిత శరీరములో నీటిని మోసే స్రోతస్సులకు తాలువును, క్లోమమును మూలములుగా చెప్పింది. దప్పికకు, క్లోమమునకు సంబంధము ఉన్నదని దీని అర్థము. ప్రాచీనులు ఉద్దేశించిన క్లోమము ఏ అవయవమన్న విషయములో పండితులకు ఏకాభిప్రాయము లేదు. అందువలన మన పూర్వులకు మధుమేహము మూలము ముందే తెలుసునని వాదించుటకు నేను సిద్ధముగా లేను. ఆధునిక అనువాదకులు ఈ పదమును ఈ గ్రంథికి అంటగట్టారు, అది నిలిచిపోయింది, అంతే.

నాళము, రసము

ఐరోపాలో కూడా ఈ గ్రంథి పని ఏమిటో చాలాకాలము తెలియలేదు. రెండవ శతాబ్దములో గాలెన్ దీనిని వెనుకనున్న రక్తనాళములకు పరుపుగా భావించాడు. 1642లో ఇటలీలోని పాదువా నగరములో విర్సుంగ్ అనే జర్మన్ వైద్యుడు మరణశిక్ష పడిన ఒక వ్యక్తి దేహమును కోస్తూ గ్రంథి మధ్యలో ఒక నాళమును చూశాడు. దాని చిత్రమును రాగిరేకుపై చెక్కించి పలువురు పండితులకు పంపి, ఇది ఏమిటని అడిగాడు. సరియైన సమాధానము రాకముందే, మరుసటి సంవత్సరము ఆయన హత్యకు గురి అయ్యాడు. 1664లో డచ్చి వైద్యుడు డి గ్రాఫ్ కుక్క క్లోమనాళములో సన్నని గొట్టము పెట్టి మొట్టమొదటిసారిగా ఆ రసమును సేకరించాడు.

1683లో స్విట్జర్లాండ్ దేశీయుడైన బ్రన్నర్ కుక్కల క్లోమమును చాలావరకు తీసివేసి చూశాడు. కుక్కలు బ్రతికాయి. ఒక కుక్క విపరీతముగా నీరు త్రాగి విపరీతముగా మూత్రము పోసిందని కూడా ఆయన వ్రాసుకున్నాడు. మధుమేహము ఆయన కళ్ళ ఎదుటనే నిలిచి ఉన్నది. కాని ఆయన పరీక్షించదలచినది వేరు: క్లోమము లేక జంతువు బ్రతుకుతుందా లేదా అన్నదే. బ్రతికింది కనుక ఈ గ్రంథి ప్రాణావసరము కాదని తేల్చాడు. ఆయన ముక్కలు కొన్ని మిగిల్చాడు కనుకనే అవి బ్రతికాయి. ఆ తప్పుడు నిర్ధారణ రెండు వందల సంవత్సరాలు నిలిచింది.

రసము చేసే పనిని స్పష్టముగా చూపినవాడు ఫ్రాన్సులోని క్లాడ్ బెర్నార్డ్. కుందేలులో క్లోమనాళము పైత్యనాళమునకు ఒక అడుగుకు పైగా దిగువన ప్రేగులోనికి తెరుచుకుంటుంది. క్రొవ్వు తిన్న కుందేలు కడుపును తెరచి చూస్తే, ప్రేగు నుంచి క్రొవ్వును మోసుకొనిపోయే సన్నని నాళికలు పైత్యనాళము దగ్గర పారదర్శకముగానే ఉన్నాయి. క్లోమనాళము కలిసిన చోటు దాటిన తరువాత మాత్రమే అవి పాలవలె తెల్లబడ్డాయి. క్రొవ్వు శరీరమునకు అందవలెనంటే క్లోమరసము ఉండవలెనని ఆ తెల్లని గీతలు చెప్పాయి. ఇది 1840 దశకము నాటి సంగతి. ప్రకృతి తనంతట తానుగా ఏర్పాటు చేసిన ప్రయోగమును గుర్తుపట్టుటలో బెర్నార్డ్ కన్ను అసాధారణమైనది.

స్ట్రాస్‌బర్గ్ కుక్క చెప్పిన రెండు విషయాలు

1889లో అప్పటి జర్మనీలోని స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులకు మాటల మధ్య ఒక సందేహము వచ్చింది. క్లోమము లేకపోతే క్రొవ్వులు జీర్ణమవుతాయా? తెలుసుకొనుటకు క్లోమమును పూర్తిగా తీసివేయవలసి ఉంటుంది. అది తీసివేస్తే జంతువు బ్రతకదని బెర్నార్డ్ వ్రాసి ఉన్నాడు. శస్త్రచికిత్సలో నేర్పరి అయిన మింకోవ్‌స్కీ ఆ మాట లెక్క చేయక ఒక కుక్కకు క్లోమమును మొత్తము తీసివేశాడు. కుక్క బ్రతికింది. కాని చక్కగా శిక్షణ పొందిన ఆ కుక్క ప్రయోగశాలలో ఎక్కడ పడితే అక్కడ మూత్రము పోయసాగింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రమును పరీక్షిస్తే అందులో చక్కెర విస్తారముగా ఉన్నది. ఆ మూత్రము చుట్టూ ఈగలు మూగుట చూసి సేవకుడు చెప్పాడన్న కథ చాలా ప్రచారములో ఉంది గాని, మింకోవ్‌స్కీ స్వయముగా దానిని అంగీకరించలేదు. మధుమేహములో నిపుణుడైన నౌనిన్ దగ్గర పనిచేసే వైద్యునికి మూత్రములో చక్కెర చూడాలని తోచుటకు ఈగల సహాయము అవసరము లేదు.

గమనించండి. వారు వెదకబోయినది క్రొవ్వు సంగతి, దొరికినది చక్కెర సంగతి. ప్రపంచము చక్కెర వెంట పరుగెత్తింది. ముప్పది రెండు సంవత్సరాల తరువాత వచ్చిన ఇన్సులిన్‌కు దారి అక్కడే మొదలయింది. కాని మొదటి ప్రశ్నకు కూడా సమాధానము వచ్చింది. 1890లో మింకోవ్‌స్కీ పర్యవేక్షణలో అబెల్‌మన్ అనే విద్యార్థి క్లోమము తీసిన కుక్కలకు వేరు వేరు ఆహారములు పెట్టి మలమును తూచి పరీక్షించాడు. తిన్న క్రొవ్వు దాదాపుగా వృథా అయిపోయేది. పాలలో వలె సన్నని బిందువులుగా ఉన్న క్రొవ్వు మాత్రము కొంత ఒంటబట్టేది. ఆహారములో పంది క్లోమమును కలిపి పెడితే జీర్ణము మెరుగుపడేది. నేటి మన చికిత్స సారాంశము ఆ సిద్ధాంతవ్యాసములో అప్పటికే ఉన్నది. చదివినవారు బహుతక్కువ.

ఇన్సులిన్ వచ్చింది, కుక్కలు చిక్కిపోయాయి

టొరాంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లియాడ్, కాలిప్‌ల కథ మీలో చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తముగా చెబుతాను. 1921 వేసవిలో ప్రయోగములు మొదలయ్యాయి. క్లోమము లేని మార్జొరీ అనే కుక్క వారి సారముతో సుమారు డెబ్బది దినములు జీవించింది. 1922 జనవరి 11న పదునాలుగు సంవత్సరాల లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది వేశారు. అది అంతగా పని చేయలేదు. కాలిప్ శుద్ధి చేసిన సారమును జనవరి 23న ఇచ్చినప్పుడు చక్కెర దిగింది. మరుసటి సంవత్సరము బాంటింగ్‌కు, మెక్లియాడ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

పుస్తకములు సాధారణముగా ఇక్కడ ఆగిపోతాయి. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఇన్సులిన్ చేతిలో ఉన్నది గనుక క్లోమము లేని కుక్కను పూర్ణాయుష్షు బ్రతికించవచ్చునని మెక్లియాడ్ బృందము అనుకున్నది. కుక్కలకు కొవ్వులేని మాంసము, పంచదార పెట్టారు. వేళకు ఇన్సులిన్ వేశారు. చక్కెర అదుపులోనే ఉన్నది. కాని కొన్ని నెలలకు కుక్కలు చిక్కిపోయాయి, తిండి మానివేశాయి, కొన్నింటికి కామెర్లు వచ్చాయి, చివరకు చనిపోయాయి. కోసి చూస్తే కాలేయములు పసుపుపచ్చగా, క్రొవ్వుతో నిండి ఉన్నాయి. ఏ లెక్క ప్రకారము చూసినా ఇన్సులిన్ లోపము లేదు.

అప్పుడు వారు ఒక సులువైన పని చేశారు. రోజూ ఆహారములో పచ్చి క్లోమపు ముక్కలను కలిపారు. జబ్బుపడిన కుక్కలు తేరుకున్నాయి. 1924లో టొరాంటో నుంచి ఈ విషయము వెలువడింది. అదే సంవత్సరము షికాగోలో ఫిషర్ కూడా ఇదే చూశాడు. వండని క్లోమములో ఉన్న ఆ రక్షకపదార్థము ఏమిటన్నది తరువాతి ప్రశ్న. హెర్షీ 1930లో గ్రుడ్డు పచ్చసొనలో సమృద్ధిగా ఉండే లెసితిన్ కూడా ఆ పని చేస్తుందని చూపాడు. ఇన్సులిన్ కనుగొన్న ఆ బెస్టే తన సహచరులతో కలిసి 1932లో లెసితిన్‌లోని కోలిన్ అనే భాగము కాలేయమును క్రొవ్వు నుంచి కాపాడుతుందని తేల్చాడు. పోషకాహార శాస్త్రములో కోలిన్‌కు స్థానము దొరికినది క్లోమము లేని ఆ కుక్కల వలననే. షికాగోలో డ్రాగ్‌స్టెడ్ మాత్రము 1936లో ఇది క్లోమము నుంచి వచ్చే మరొక హార్మోను అని, దానికి లైపోకేయిక్ అని పేరు పెట్టాడు. ఆ హార్మోను నిలబడలేదు. తరువాతి పరిశోధనలలో తేలినది ఇంకా సామాన్యమైన విషయము. మాంసములో మెథియొనిన్ అనే అమైనో ఆమ్లము ఉంటుంది. కాలేయమునకు అది కావాలి. కాని ఎంజైములు లేని ప్రేగు ఆ మాంసము నుంచి దానిని విడదీయలేదు. కుక్క కంచము నిండుగానే ఉన్నది, కుక్క మాత్రము ఆకలితో ఉన్నది.

ఈ ఒక్క వాక్యమును మనుషులకు అన్వయించుకోండి. క్లోమము తీసివేసిన తరువాత రక్తములో చక్కెర చక్కగా ఉన్నదని సంతోషిస్తూ, నెలనెలా బరువు తగ్గుతూ వచ్చే రోగులను వైద్యులు నేటికీ చూస్తూనే ఉన్నారు. వారిలో కొందరి కాలేయములో కూడా క్రొవ్వు చేరుతుంది. ఆ కుక్కలకు వంద సంవత్సరాల క్రితము ఏమి జరిగిందో వారికి అదే జరుగుతున్నది.

మనుషులపై శస్త్రచికిత్స

జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ 1882లోనే క్లోమము తోక భాగమును తీసివేశాడు. తల భాగమును, చిన్నప్రేగు మొదటి భాగముతో కలిపి తీయుట ఇంకా కష్టము. ఇటలీలో కొడివిల్లా 1898లో, జర్మనీలో కౌష్ 1909లో ప్రయత్నించారు. 1935లో న్యూయార్క్‌లో విపుల్ ఆ శస్త్రచికిత్సను వెలుగులోనికి తెచ్చాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. విపుల్ తొలి శస్త్రచికిత్సలలో ఒక విశేషము ఉన్నది. మిగిలిన క్లోమమును ప్రేగుకు కలిపితే కుట్లు విడిపోయి రసము కారుతుందేమోనన్న భయముతో ఆయన దాని కొనను మూసివేశాడు. క్లోమరసము ప్రేగులోనికి చేరకపోయినా మనిషి బ్రతుకుతాడని అలా తెలిసింది. బ్రతుకుట వేరు, బలముగా బ్రతుకుట వేరు.

మొత్తము క్లోమమును మనిషికి తొలిసారి కాన్సర్ కొరకు తీసినవాడు అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరపు శస్త్రవైద్యుడు రాకీ. అది 1942. రోగి పదిహేనవ దినమున మరణించాడు. అదే కాలములో మేయో క్లినిక్‌లో ప్రీస్ట్‌లీ ఒక స్త్రీకి ఈ శస్త్రచికిత్స చేశాడు. ఆమె జబ్బు విచిత్రముగా దీనికి వ్యతిరేకమైనది. ఆమె క్లోమములో ఒక చిన్న కణితి ఇన్సులిన్‌ను అతిగా విడుదల చేస్తూ ఉండేది. అందువలన చక్కెర పడిపోయి ఆమె స్పృహ తప్పుతూ ఉండేది. కడుపు తెరచి వెదకినా కణితి చేతికి దొరకలేదు. చివరకు మొత్తము గ్రంథిని తీసివేశారు. తరువాత పరీక్షలో కణితి ఆ గ్రంథి లోపలనే బయటపడింది. ఇన్సులిన్ ఎక్కువై బాధపడిన మనిషి రాత్రికి రాత్రి ఇన్సులిన్ అసలే లేని మనిషి అయింది. ప్రీస్ట్‌లీ, ఆయన సహచరులు 1944లో ఈ విషయమును ప్రచురించునాటికి ఆమె పదహారు నెలలుగా ఆరోగ్యముగా ఉన్నది. ఆమె తిన్నది, విసర్జించినది, ఆమెకు అవసరమైన ఇన్సులిన్ అన్నీ వారు శ్రద్ధగా కొలిచారు.

ఆ కొలతలలోను, తరువాత వచ్చిన ఇతర రోగులలోను వైద్యులను ఆశ్చర్యపరచిన విషయము ఒకటి ఉన్నది. క్లోమము మొత్తము లేకపోయినా ఇన్సులిన్ అవసరము రోజుకు సుమారు 40 యూనిట్లు, లేదా అంతకంటె తక్కువ. తీవ్రమైన మధుమేహము ఉన్న ఎందరికో ఇంతకంటె ఎక్కువ కావాలి. కారణము, క్లోమముతో పాటు గ్లూకగాన్ కూడా పోవుట. ఈ హార్మోనును 1923లోనే కింబాల్, మర్లిన్ గుర్తించి పేరు పెట్టారు. చక్కెర పడిపోయినప్పుడు కాలేయములో దాచిన చక్కెరను బయటకు తెచ్చేది అదే. అది లేనివారికి ఇన్సులిన్ తక్కువ చాలుతుంది. కాని మోతాదు కొంచెము ఎక్కువైనా చక్కెరను పైకి లేపుటకు సహాయము లేదు. 1950 దశకములోను, ఆ తరువాతను కుట్లు విడిపోయే ప్రమాదము ఉండదన్న ఆలోచనతో కాన్సర్‌కు మొత్తము క్లోమమును తీయుట కొందరు ప్రోత్సహించారు. ఆయుష్షు పెరగలేదు. ఇంటికి వెళ్ళిన తరువాత చక్కెర పడిపోయి మరణించినవారు మాత్రము ఉన్నారు. అందువలన శస్త్రవైద్యులు చాలాకాలము ఈ శస్త్రచికిత్సకు వెనుకాడారు.

ఇంటిలోనే చక్కెర కొలిచే యంత్రములు, 1982లో వచ్చిన మానవ ఇన్సులిన్, తరువాతి కొత్త ఇన్సులిన్లు, చర్మముపై అంటించుకొనే నిరంతర కొలమానములు ఈ భయమును చాలావరకు తగ్గించాయి. మరొక మార్గము కూడా తెరుచుకున్నది. 1977లో మినెసోటా విశ్వవిద్యాలయములో సదర్‌లాండ్, నజేరియన్ దీర్ఘకాలిక క్లోమతాపముతో బాధపడే రోగి క్లోమమును తీసి, అందులోని హార్మోను కణదీవులను వేరుచేసి, ఆ రోగి కాలేయములోనికే ఎక్కించారు. తన కణములే గనుక శరీరము వాటిని తిరస్కరించదు. కాన్సర్ ఉన్నవారికి ఇది సాధారణముగా తగదు. జీర్ణరసము లోటును ఇది తీర్చలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రసమును గుళికలో పెట్టుట

పచ్చి క్లోమమును మనుషులకు తినిపించలేము. జంతు క్లోమము నుంచి తీసిన పొడి పంతొమ్మిదవ శతాబ్దము నుంచే ఔషధశాలలలో ఉన్నది. కాని జీర్ణాశయములోని ఆమ్లము అందులోని లైపేజును, అనగా క్రొవ్వును విడగొట్టే ఎంజైమును, చంపివేస్తుంది. ఎంత పొడి మ్రింగినా ప్రేగుకు చేరేది అత్యల్పము. 1973లో మేయో క్లినిక్‌లో డిమాగ్నో, ఆయన సహచరులు ఒక ఆశాజనకమైన లెక్క చూపారు. ఎంజైముల ఉత్పత్తి మామూలులో పదవ వంతుకు దిగిన తరువాతనే క్రొవ్వు మలములో కనిపిస్తుంది. అనగా పోయినదంతా తిరిగి ఇవ్వనక్కరలేదు, పదవ వంతు పైన ఇవ్వగలిగితే చాలును. 1970 దశకము చివరిలో ఆమ్లమునకు కరగని పూత గల సూక్ష్మగుళికలు వచ్చాయి. పూత జీర్ణాశయములో నిలిచి, చిన్నప్రేగులో కరుగుతుంది. ఇన్సులిన్‌కు వచ్చిన కీర్తి ఈ పూతకు రాలేదు గాని, క్లోమము లేనివారికి అన్నము ఒంటబట్టించినది అదే.

మన ప్రాంతమునకు ఈ చరిత్రలో ఒక భాగము ఉన్నది. ఉష్ణమండల దేశాలలో మద్యము ముట్టని యువకులకు, పిల్లలకు కూడా క్లోమములో రాళ్ళు ఏర్పడి, నొప్పి, మధుమేహము, క్రొవ్వు విరేచనములు కలుగుట కేరళలో గీవర్గీస్ విస్తారముగా వర్ణించాడు. కర్రపెండలము తినుట వలన అని చాలాకాలము అనుమానించారు. 2002లో హైదరాబాదులోని సీసీఎంబీ నుంచి చందక్, లాల్జీ సింగ్, వారితో కలిసి పనిచేసిన జీర్ణకోశ వైద్యుడు నాగేశ్వర రెడ్డి ప్రభృతులు ఈ జబ్బుకు స్పింక్-1 అనే జన్యువులోని మార్పులతో గట్టి సంబంధము ఉన్నదని చూపారు. కర్రపెండలము తినని ఇండ్లలో కూడా ఈ జబ్బు ఎందుకు వస్తుందో అర్థము చేసుకొనుటకు ఇది తోడ్పడింది. క్లోమము క్రమముగా ఎండిపోయిన ఈ రోగులు శస్త్రచికిత్స లేకుండానే దాదాపు క్లోమము తీసివేసినవారి స్థితికి చేరుతారు. కనుక ఇక దిగువ చెప్పే ఆహార విషయాలు చాలావరకు వారికి కూడా వర్తిస్తాయి.

కంచము దగ్గర

ఇన్సులిన్‌కు ముందు కాలములో అమెరికాలో అలెన్ అనే వైద్యుడు మధుమేహ రోగులను దాదాపు పస్తులుంచి కొంతకాలము బ్రతికించేవాడు. క్లోమమును పాక్షికముగా తీసిన కుక్కలను చూసి ఆయన ఈ పద్ధతికి వచ్చాడు. ఆ భయపు నీడ మన ఆహారసలహాలలో ఇంకా మిగిలే ఉన్నది. చక్కెర జబ్బు అని అన్నము తగ్గించమంటారు ఒకరు. క్లోమము లేదు, నూనె, నెయ్యి ముట్టవద్దంటారు మరొకరు. రెండు సలహాలను భక్తితో పాటించిన రోగి కంచములో మిగిలేది ఏమిటి? శస్త్రచికిత్స తరువాత క్రొవ్వును నిషేధించుట చాలాకాలము ఆనవాయితీగా ఉండేది. నేటి వైద్యుల అభిప్రాయము దానికి భిన్నము. తినే క్రొవ్వును తగ్గించుట కాదు, తిన్న క్రొవ్వుకు సరిపడే ఎంజైమును పెంచుట సరియైన మార్గము. పప్పులో చెంచాడు నెయ్యి, వేరుశనగ, నువ్వులు, గ్రుడ్డు, చేప, పెరుగు అన్నీ తినవచ్చు. మూడు పెద్ద భోజనాల కంటె ఐదారుసార్లు కొంచెము కొంచెముగా తినుట తేలిక. పీచుపదార్థము మామూలువారికి మేలు చేసినా, మరీ ఎక్కువైతే ఎంజైముల పనికి అడ్డుపడుతుంది. బరువు తగ్గుతున్నవారు కంచము నిండా ఆకుకూరలు, తవుడు నింపుకొనుట తగదు.

ఎంజైము గుళికలు ప్రధాన భోజనమునకు సాధారణముగా 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజుతో, ఫలహారమునకు అందులో సగముతో మొదలుపెడతారు. మొత్తము క్లోమము లేనివారికి ఇంకా ఎక్కువ కావలసి రావచ్చు. మోతాదు మీ వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆయన చెప్పుటకు తరచు సమయము దొరకనిది, వేసుకొనే వేళ. చాలామంది మాత్రలన్నీ కలిపి పొద్దున పరగడుపున నీళ్ళతో మ్రింగివేస్తారు. ఆ గుళికలు ఖాళీ ప్రేగులో తమ పని తాము చేసుకొని పోతాయి. ఆహారముతో కలిసినప్పుడే వాటికి ప్రయోజనము. మొదటి ముద్దతో కొన్ని, భోజనము మధ్యలో మిగిలినవి వేసుకోవాలి. నమలకూడదు. మ్రింగలేనివారు గుళికను విప్పి అందులోని పూసలను చల్లని, పుల్లని పండ్లగుజ్జులో కలిపి వెంటనే తీసుకోవచ్చు. వేడి అన్నములోనో, సాంబారులోనో కలిపితే ఎంజైము చచ్చిపోతుంది. గ్లాసెడు పాలకు గుళిక కావాలి, రెండు జామ ముక్కలకు అక్కరలేదు. మలము జిడ్డుగా, దుర్వాసనతో, నీటిపై తేలుతూ, కడిగినా అంటుకొని ఉంటే మోతాదు చాలలేదని అర్థము. వైద్యునికి ఈ సంగతి చెప్పుటకు సిగ్గుపడవద్దు, అబెల్‌మన్ తన సిద్ధాంతవ్యాసమంతా దీని పైననే వ్రాశాడు.

ఈ గుళికలలో దాదాపు అన్నీ పంది క్లోమము నుంచి తయారైనవి. ముస్లిములకు, శాకాహారులకు ఇది ముందే చెప్పుట వైద్యుని బాధ్యత. ఔషధావసరము దృష్ట్యా చాలామంది మతపెద్దలను సంప్రదించి అంగీకరిస్తారు. చెప్పకుండా దాచితే, ఎవరో చెప్పిన రోజున రోగి గుళికలు మానివేస్తాడు, కారణము కూడా ఎవరికీ చెప్పడు.

చక్కెర పడిపోయినప్పుడు, అనగా చెమటలు, వణుకు, ఆకలి, తికమక కలిగినప్పుడు, మామూలు మధుమేహ రోగి బిస్కట్టు తిన్నా కోలుకోవచ్చు. క్లోమము లేనివారికి పిండిపదార్థము విడిపోవుటకే ఆలస్యమవుతుంది. వారికి గ్లూకోజ్ పొడి 15 గ్రాములు, లేదా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి. దీనికి ఎంజైము అవసరము లేదు. పదిహేను నిమిషాలలో మరల కొలిచి చూడాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు. వెంటనే వైద్యశాలకు తరలించాలి. మద్యము కాలేయము చక్కెరను విడుదల చేయుటను అణచివేస్తుంది గనుక వీరికి అది రెండింతల ప్రమాదము. ఏకాదశి, రంజాన్ ఉపవాసములను వైద్యుని అడగకుండా చేయకూడదు. తినలేకపోయిన రోజున కూడా దీర్ఘకాలము పనిచేసే ఇన్సులిన్‌ను పూర్తిగా మానకూడదు, ఎంత తగ్గించాలో ముందే వ్రాయించుకొని ఉంచుకోవాలి. ఆకలి నమ్మకము లేనప్పుడు భోజనపు ఇన్సులిన్‌ను తిన్న తరువాత, తిన్నదానిని బట్టి వేసుకొనే పద్ధతి ఉన్నది. అది మీకు తగునేమో అడగండి.

క్రొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమినులను, బి12ను ఏడాదికి ఒకసారైనా పరీక్షించుకోవాలి. ఎముకల సాంద్రత కూడా చూడాలి. క్లోమముతో పాటు ప్లీహమును కూడా తీసినవారికి న్యూమోకాకస్, మెనింజోకాకస్, హీమోఫిలస్ టీకాలు అవసరము. మీ శస్త్రచికిత్స కాగితములలో ప్లీహము సంగతి వ్రాసి ఉన్నదేమో చూసుకోండి. ఎంజైము గుళికలను 25 డిగ్రీల లోపు ఉంచవలెనని డబ్బాపై ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండములోనో బస్సు పై అరలో, కారు ముందు పెట్టెలో వాటిని వదిలివేస్తే చూచుటకు గుళికలు అలాగే ఉంటాయి గాని లోపల ఎంజైము క్షీణిస్తుంది. వేసవి ప్రయాణములలో వాటిని ఇన్సులిన్ పెట్టుకొనే చల్లని సంచిలోనే, మంచుగడ్డకు నేరుగా తగలకుండా, పెట్టుకోండి.